ట్రంపెట్‌లో హై సి నిలవడం లేదు, బరాత్ సగానికే పెదవి మొద్దుబారిపోతోంది

ఖమ్మం_ట్రంపెట్:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పెళ్లిళ్ల బ్యాండ్ సెట్టు. నేను బి ఫ్లాట్ ట్రంపెట్ ఊదుతాను. చిన్నప్పుడే మా మేనమామ దగ్గర నేర్చుకున్నా. స్వరాలు వచ్చు, పాట ఒకటి రెండుసార్లు వింటే పట్టేస్తాను, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) మాత్రం అంతంతమాత్రం.

ఇబ్బందంతా పై స్వరాలతోనే. స్టాఫ్ మీద కూర్చునే జి దాకా ఎప్పుడైనా పలుకుతుంది, దాని మీద ఎ కూడా ఫర్వాలేదు. బి ఫ్లాట్ దగ్గర తంటా మొదలవుతుంది. హై సి అయితే ఊరేగింపు మొదలైన కొత్తలో బాగానే వస్తుంది, కాసేపటికి సన్నగా కీచుమంటుంది, ఆ తర్వాత ఉత్త గాలే. బరాత్ సగానికి వచ్చేసరికి పై పెదవి మొద్దుబారిపోయి అసలు అక్కడ ఉందో లేదో తెలియదు, మౌత్‌పీస్ తీస్తే ఎర్రగా గుండ్రటి గుర్తు, తెల్లారినా పోదు. పెళ్లివారి ఇంటి ముందు జనం గుమిగూడి ఉంటారు, పాట పైకి లేవాల్సింది అక్కడే, సరిగ్గా అక్కడే నాకు ఆగిపోతోంది. ఇది తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది.

మా సెట్టులో ఒకాయన గట్టిగా అదిమి ఊదు, అదే వస్తుంది అంటాడు. ఇంకో ఫ్రెండు లోతు తక్కువ మౌత్‌పీస్ కొంటే హై నోట్స్ వాటంతటవే వస్తాయంటాడు, ఆన్‌లైన్‌లో చూస్తే ఆ రేట్లు నావల్ల అయ్యేవి కావు. ప్రస్తుతం నా దగ్గరున్నది 7సి సైజు మౌత్‌పీస్. మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. తెలిసినవాళ్లు చెప్పండన్నా.


రిటైర్డ్_బ్యాండ్_విజయనగరం:

తమ్ముడూ, నేను ఆర్మీ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించి రిటైరయ్యాను, పచ్‌మఢీలోని మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో ట్రైనింగ్. నీ మెసేజ్ చదవగానే రిప్లై ఇవ్వాలనిపించింది, ఎందుకంటే గట్టిగా అదుముకుని పెదవి పాడుచేసుకున్న మంచి వాద్యగాళ్లని చాలామందిని చూశాను.

ముందు మౌత్‌పీస్ సంగతి. కొనొద్దు. లోతు తక్కువదైతే శబ్దం కాస్త పదునుగా వస్తుంది, అలసట కొంచెం ఆలస్యంగా వస్తుంది, అంతే. నీ దగ్గర లేని నోట్‌ని అది తెచ్చిపెట్టదు, పైగా కింది స్వరాల్లో ఉన్న నిండుతనం పోతుంది. 7సి తో హై సి హాయిగా వాయించేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ఇక అదమడం. వేళ్లతో నొక్కే మూడు వాల్వులూ వదిలేసి ఊది చూడు, కింది సి, జి, మధ్య సి, ఇ, పై జి, ఆ తర్వాత కాస్త శ్రుతి తగ్గిన బి ఫ్లాట్, దాని మీద హై సి వస్తాయి. కింద నోట్‌కీ నోట్‌కీ మధ్య ఎడం చాలా ఉంది, పైకి వెళ్లేకొద్దీ అవి దగ్గరపడతాయి. హై సి దాటాక పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వేళ్లతో పెద్దగా పనిలేదు, ఏ నోట్ పలకాలో పెదవే తేల్చాలి. కింద గొట్టం చేసినంత సాయం పైన చేయదు. మధ్య సి కి పెదవి సెకనుకు దాదాపు 466 సార్లు కొట్టుకుంటుంది, హై సి కి 932 సార్లు. అంత వేగంగా కదలాల్సిన పెదవిని నువ్వు పళ్లకీ ఇత్తడికీ మధ్య పెట్టి నొక్కేస్తే ఎలా కదులుతుంది? అదిమితే మొదట్లో నోట్ వస్తుంది, అందుకే అందరూ ఆ సలహా ఇస్తారు. కానీ అలా నొక్కినంతసేపూ పెదవిలో రక్తం సరిగ్గా ఆడదు, ఇంకాసేపటికి అదే నోట్‌కి ఇంకా అదమాలి, ఆ ఎర్ర గుర్తు దాన్నుంచే. అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు 1930లలో పెదవి దెబ్బతిని చాలాకాలం ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. నీ కుడి చిటికెన వేలు ట్రంపెట్ మీదున్న కొక్కెంలో ఉంటుంది కదా, దాన్ని అందులోంచి తీసి పైన ఊరికే ఆనించు. ఎడమచేత్తో కూడా వాద్యం జారిపోకుండా పట్టుకునేంత పట్టు చాలు. అలా పట్టుకుని మధ్య సి నుంచి ఒక్కో స్వరం పైకి వెళ్లు. ఎక్కడ ఆగిపోతావో అదే ప్రస్తుతం నీ అసలు స్థాయి, దాని పైన వస్తున్నవన్నీ చేతి బలంతో వస్తున్నవి. బహుశా ఎఫ్ దగ్గరో జి దగ్గరో ఆగుతావు. కంగారుపడకు, అక్కడి నుంచే మొదలు.

మూతి మూలలు గట్టిగా ఉండాలి, మధ్యలో పెదవి వదులుగా ఉండాలి. నవ్వుతున్నట్టు రెండు పక్కలా సాగదీస్తే పెదవి పలచబడి తొందరగా తెగుతుంది, గడ్డం కింద చర్మం ముడత పడకుండా చూసుకో, అద్దం ముందు నిలబడితే కనిపిస్తుంది. నాలుక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఈల వేసేటప్పుడు శ్రుతి పెంచాలంటే నాలుక దానంతటదే పైకి లేచి గాలి దారిని ఇరుకు చేస్తుంది చూశావా, ట్రంపెట్‌లోనూ అంతే, కింద 'ఆ' అన్నట్టు, పైకి వెళ్తుంటే 'ఈ' అన్నట్టు పెట్టు. గాలి మోతాదు పెరగక్కర్లేదు, వేగం పెరగాలి. పై నోట్ వస్తోంది కదా అని గుండెలో ఉన్న దమ్మంతా ఒకేసారి తోసేస్తే పెదవుల మధ్య సందు పెద్దదై నోట్ కిందికి జారుతుంది.

చివరగా, ప్రాక్టీస్ నెమ్మదిగా, చిన్న శబ్దంతో చెయ్యి. అమెరికన్ కార్నెట్ వాద్యగాడు హెర్బర్ట్ క్లార్క్ 1912లో అచ్చువేయించిన అభ్యాసాలు ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు, వాటి కిటుకంతా అక్కడే ఉంది, అరస్వరాల వరసని చాలా మెల్లగా వినిపించేలా, ఒకే దమ్ములో పదేపదే ఊదాలి, తర్వాత అరస్వరం పైకి జరిపి మళ్లీ అదే. పక్క గదిలో పడుకున్నవాళ్లు లేవనంత మెల్లగా హై సి వాయించగలిగిన రోజున అది నీదైనట్టు. ఊదినంతసేపు విశ్రాంతి కూడా ఉండాలి, పెదవి వణకడం మొదలైతే ఆ పూటకి అక్కడితో ఆపెయ్, ఇంకొక్కసారి అని పట్టుబట్టకు.


సన్నాయి_ప్రకాశం:

పైన మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నాది ట్రంపెట్ కాదు, నాదస్వరం, నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారి ఊరు కరవది మాకు దగ్గర్లోనే. మా వాద్యంలో కూడా పై స్థాయికి వేరే రంధ్రాలేం ఉండవు, అవే వేళ్లు, దమ్ములోనూ పీక (నోట్లో పెట్టుకునే రెల్లు ముక్క) మీద పెదవి పట్టులోనూ తేడా. అందుకే ఈ కష్టం నాకు బాగా తెలుసు.

నొటేషన్ అంతగా రాదన్నావు కాబట్టి ఒక మాట. మనకి హెచ్చుస్థాయి వరుసలు ఎందుకున్నాయి తమ్ముడూ? సరళీ, జంట అయ్యాక చాలామంది అలంకారాల్లోకి దూకేసి వీటిని వదిలేస్తారు. సరిగమపదనిస అని ఎక్కి, పై సా మీద కదలకుండా నిలబడి, దనిసరి అని కొంచెం పైకి వెళ్లి, మళ్లీ సనిదప మగరిస అని దిగిపోవాలి. తర్వాతి వరుసల్లో మెల్లమెల్లగా పైకి వెళ్తూ చివరికి తార పంచమం అందుకుంటావు. ఇందులో గొప్పదనమంతా ఆ నిలబడటంలోనూ దిగడంలోనూ ఉంది. పైకి వెళ్లిన ప్రతిసారీ పూర్తిగా కిందికి వచ్చేస్తావు కాబట్టి పెదవికి రక్తం ఆడుతుంది.

నీ ట్రంపెట్‌లో కింది సి ని సా అనుకో. పై సా మధ్య సి అవుతుంది, తార పంచమం నువ్వు ఎప్పుడైనా పలుకుతుందన్న ఆ జి. అంటే వరుసలన్నీ నీ అదుపులో ఉన్న చోటే పూర్తవుతాయి. మాయామాళవగౌళలోనే ఊదు, వేళ్లకీ పని పడుతుంది. అదమకుండా, చిటికెన వేలు కొక్కెంలో లేకుండా, అన్నీ శుభ్రంగా పలికాక సా ని అరస్వరం పైకి జరుపు. మళ్లీ అన్నీ. అలా జరుపుకుంటూ సా ని ఎఫ్ దాకా తెచ్చావంటే తార పంచమమే హై సి. తొందరపడి వారానికో శ్రుతి మార్చకు, ఒక్కోచోట నెల పట్టినా ఫర్వాలేదు.

ఇంకోటి, పొద్దున్నే మంద్రంలో సాధన మానొద్దు. కింది స్వరాలు పొడుగ్గా, నిండుగా పట్టి ఊదితే పెదవి మెత్తబడుతుంది, పైకి వెళ్లడానికి అదే బలం. పెళ్లి నుంచి ఇంటికొచ్చాక కూడా కాసేపు అవే ఊదు.


గొట్టం_డాక్టర్:

వాద్యాలు రిపేరు చేస్తాను. వాయించే పద్ధతి గురించి పెద్దలు చెప్పారు, నేను వాద్యం గురించి చెప్తా. చాలామంది పై నోట్స్ రావట్లేదని నా దగ్గరికొస్తారు, చూస్తే గాలి లీకు. నీళ్లు వదిలే మీట కింద చిన్న బెండు ముక్క ఉంటుంది, అది అరిగిపోతే కింది నోట్స్ ఎలాగోలా పలుకుతాయి, పైన మాత్రం నోట్ స్థిరంగా ఉండదు. ఊదుతూ ఆ మీటని వేలితో గట్టిగా నొక్కి చూడు, తేడా కనిపిస్తే బెండు మార్చాలి, ఖర్చు దాదాపు లేనట్టే. వాల్వులు చూడాలంటే, ఒక వాల్వు నొక్కి పట్టుకోకుండానే దాని స్లయిడ్ (జారే గొట్టం) కొంచెం బయటికి లాగి, ఒక క్షణం ఆగి వాల్వు నొక్కు, టప్ మని శబ్దం రావాలి. రాకపోతే వాల్వు అరిగింది, కనీసం కొంచెం చిక్కటి వాల్వ్ ఆయిల్ వాడు. మౌత్‌పీస్ దూర్చే మొదటి గొట్టం లోపల ఎన్నాళ్ల మురికి ఉందో ఒకసారి టార్చిలైటుతో చూడు. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు, పొడుగు బ్రష్షు చాలు. వేణ్నీళ్లు పొయ్యకు, పాలిష్ పొర లేచిపోతుంది. సొట్టలు కూడా ఆ మొదటి గొట్టంలో ఉంటేనే ఎక్కువ ఇబ్బంది, గంట (చివర విచ్చుకున్న భాగం) దగ్గరి సొట్టలతో అంత నష్టం లేదు.


ఖమ్మం_ట్రంపెట్:

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మీరన్నట్టు చిటికెన వేలు తీసి ఊదితే ఎఫ్ దగ్గరే ఆగిపోయాను. ఇన్నాళ్లూ చేత్తోనే ఊదుతున్నానన్నమాట. మీట కింద బెండు కూడా సగం ఊడి ఉంది, మార్పిస్తున్నా. హెచ్చుస్థాయి వరుసలు ఈ రోజు నుంచే.

ఒక్క సందేహం. ఇవన్నీ నెలల పని కదా, ఈ సీజన్ ఎలా గడపాలి? మా దగ్గర క్లారినెట్ ఆయన పాట సినిమాలో ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలోనే ఎత్తుకుంటాడు, ఆడవాళ్ల పాట అయితే చరణంలో నాకు హై సి కూడా చాలదు.


క్లారినెట్_గుంటూరు:

ఇది నేను చెప్పాలి, ఎందుకంటే తప్పు మా క్లారినెట్ వాళ్ల దగ్గరే ఉంది. మీ ఆయన చేతిలో ఉన్నదీ బి ఫ్లాట్ క్లారినెట్టే అయి ఉంటుంది, దానికి నీ హై సి పెద్ద లెక్క కాదు, ఇంకా పైకి సులువుగా వెళ్తుంది. అందుకే నీ బాధ ఆయనకి తెలియడం లేదు.

లెక్క చూడు. గాయని 5 శ్రుతిలో పాడిందనుకో, అంటే జి. బి ఫ్లాట్ ట్రంపెట్‌లో స్వరాల పేర్లు ఒక పూర్తి స్వరం పైకి జరుగుతాయి కాబట్టి అది ఎ అవుతుంది. స్టాఫ్ మధ్యలో ఉన్న ఎ ని సా అనుకుంటే తార గాంధారానికే హై సి దాటిపోతుంది. సరే ఒక స్థాయి కిందికి దించుదాం అంటే మంద్ర పంచమం ట్రంపెట్‌లోనే లేదు, పైగా అంత కింద ఊదితే డప్పుల హోరులో పాట వినిపించదు. కాబట్టి ఆ పాటని 5 లో వాయించకూడదు. 1 శ్రుతికి మార్చండి, నీకు కింది డి సా అవుతుంది, మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా అన్నీ అందుతాయి, పైన ఎ దగ్గర ఆగిపోతావు. లేదా ఆరున్నరకి మార్చితే సా నీ కింది సి, ఇంకా హాయి. బండి మీద కీబోర్డ్ ఉందా? ఆయనకి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కడమే పని. పెళ్లిలో డాన్స్ చేసేవాళ్లకి పాట గుర్తుపడితే చాలు, అసలు శ్రుతిలో ఉందా లేదా అని ఎవరూ చూడరు. వాళ్లకి తెలిసేది నీ నోట్ పగిలిందా లేదా అన్నదే.

ముహూర్తాలకి ముందే ఇద్దరూ కూర్చుని, ఎక్కువ అడిగే పాటలన్నిటికీ శ్రుతులు రాసుకోండి. అలాగే పల్లవి నువ్వు, చరణంలో పై భాగం క్లారినెట్, మళ్లీ పల్లవికి ఇద్దరూ కలిసి అనుకోండి. మీ సెట్టులో రెండో ట్రంపెట్ ఉంటే ఇంకా మంచిది, పాట విడిచి పాట ఊదండి. సన్నాయి మేళంలో ఇద్దరు వాద్యగాళ్లు ఉండేది అందుకే కదా, ఒకరు ఆపినచోట ఇంకొకరు ఎత్తుకుంటారు. ట్రంపెట్ వాడు మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఊదాలన్న పద్ధతి ఎవరు పెట్టారో కానీ అది అన్యాయం. అది ముందు మార్పించు.


డల్లాస్_అమ్మ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయి ఇక్కడ మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు. పళ్లకి బ్రేసెస్ వేయించాక పై నోట్స్ అన్నీ పోయాయి, పెదవి లోపల గీసుకుపోతోంది, మానేస్తానని ఏడుస్తున్నాడు. వాద్యం మార్పించమంటారా?


రిటైర్డ్_బ్యాండ్_విజయనగరం:

ముందు తమ్ముడికి. క్లారినెట్ ఆయన చెప్పిన శ్రుతుల పని నిజంగా చెయ్యి, ఈ సీజన్‌కి నిన్ను కాపాడేది అదే. ఎండలో ట్రంపెట్ లోపలి గాలి వేడెక్కి శ్రుతి పైకి పోతుంది, చాలామంది అది గమనించకుండా పెదవితో కిందికి లాగుతూ అలసిపోతారు, ట్యూనింగ్ స్లయిడ్ కొంచెం బయటికి లాగితే సరిపోతుంది. నీళ్లు తాగుతూ ఉండు. దవడలో గుట్కా, ఖైనీ పెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానెయ్, పెదవీ నోరూ పాడయ్యాక ఏ సాధనా పనికిరాదు. ఆ గుర్తు తెల్లారినా పోలేదంటే ఆ రోజు ప్రాక్టీస్ వద్దు, వేళ్లు మాత్రం ఆడించుకో, పాట నోటితో పాడుకో. నొప్పి గానీ వాపు గానీ రోజుల తరబడి తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించు.

అమ్మా, వాద్యం మార్పించక్కర్లేదు. బ్రేసెస్ మీద పెట్టుకునే మైనం వాళ్ల పళ్ల డాక్టరే ఇస్తారు, వాయించే ముందు ముందరి పళ్ల మీద అది అద్దితే గీసుకోదు. బాబు బహుశా అదిమి ఊదుతున్నాడు, అందుకే ఇనుప తీగ పెదవిలోకి దిగుతోంది. వాళ్ల బ్యాండ్ టీచర్‌తో మాట్లాడి కొన్నాళ్లు రెండో ట్రంపెట్ భాగమో మూడోదో ఇప్పించండి, వాటిలో పై నోట్స్ తక్కువ. రోజూ కొంచెంసేపు, మెల్లగా, స్టాఫ్ లోపలి నోట్స్ మాత్రమే. అదమకుండా ఊదడం ఇప్పుడు తప్పనిసరై నేర్చుకుంటాడు, అది వాడికి ఎప్పటికీ పనికొస్తుంది. బ్రేసెస్ తీసేశాక కొన్ని వారాలు మళ్లీ కొత్తగా అనిపిస్తుంది, అప్పుడూ కంగారుపడొద్దని ముందే చెప్పి ఉంచండి.